పడికట్టు రాళ్ళు

"ఇన్నేళ్ళు చదివి అక్కడ మసి తయారుచేస్తోందటే అక్కయ్యా!" అని మా చెల్లెలు ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. దాని కూతురు జెనీవా దగ్గర సెర్న్‌లో పరిశోధన చేస్తోంది లెండి. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకేం తెలుస్తుంది? అయినా పెద్దమ్మను కదా, ఆదివారం వీడియో కాల్‌లో దాన్నే అడిగేశాను.

"పెద్దమ్మా, బంగారం కొట్లో త్రాసు ఎంత మంచిదైనా రాయి తప్పయితే ఏమవుతుంది?" అంది.

అక్కడ ఐసోల్డే అనే చోట మామూలుగా దొరకని పరమాణు కేంద్రకాలను పుట్టిస్తారట. మనకు దొరికే జింకులో అన్నిటికన్నా బరువైనది 70 రకం. వాళ్ళు 82 రకాన్ని తూచి 2013లో ప్రకటించారు. అది సెకను నిలవడమే గొప్ప! తూచడమంటే త్రాసులో కాదండీ, అయస్కాంతం మధ్య గిరగిరా తిప్పడం. బరువైనది మెల్లగా తిరుగుతుంది, తేలికైనది వేగంగా. అలా తిరగాలంటే అది విద్యుదావేశమున్న అయాన్ కావాలి. ఈ ముక్క నా ఇంటర్‌లోనూ ఉండేది సుమండీ!

పోల్చి చూడ్డానికి రాయి కార్బన్. 1961 నుంచి లోకమంతా ఒప్పుకున్న లెక్కలో కార్బన్-12 బరువు సరిగ్గా 12. మా పిల్ల చేసేది ఆ రాళ్ళనిచ్చే అయాన్ సోర్సు. కార్బన్ బిళ్ళ మీద లేజర్‌తో కొడితే పరమాణువులు గుత్తులుగా లేస్తాయి. అయిదున్న గుత్తి 60, పదున్నది 120. పన్నెండేసి తేడాతో పడికట్టు రాళ్ళ వరుసన్నమాట! ఒకేచోట కొడితే గుంటపడి రాక తగ్గిపోతుంది, కాబట్టి బిళ్ళను తిప్పుతూ ఉండాలి. మరీ ఎక్కువొచ్చినా ముప్పే, ఒకదాన్నొకటి నెట్టుకుని తూకం చెడగొడతాయి.

"నాలుగు నెలలుగా ఇదే గోల. ఒక్క కేంద్రకాన్నీ తూచలేదు. అమ్మకేం చెప్పను?" అంటుంటే దాని గొంతు వణికింది.

ఇంత నిక్కచ్చి ఎందుకంటారా? కిలో పిండిలో అరకిలో బెల్లం కలిపితే కిలోన్నర. కేంద్రకంలో అలా కాదు, ముక్కలన్నీ కలిస్తే బరువు కాస్త తగ్గుతుంది. ఎంత తగ్గిందో తెలిస్తే ఎంత గట్టిగా అతుక్కున్నాయో తెలుస్తుంది. 2017లో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడం శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అలాంటి చోట బంగారం ఎలా పుడుతుందో లెక్కగట్టాలంటే ఈ తూకాలే ఆధారమట. వింటూ మెళ్ళో గొలుసు తడుముకున్నాను.

ఇదంతా చెల్లెలికి చెబితే, "అయితే పెళ్ళి సంగతో?" అంది. "ముందు రాళ్ళు కుదరనీవే" అన్నాను.

మొన్న గురువారం రాత్రి మెసేజ్ వచ్చింది. "పెద్దమ్మా, పదున్న గుత్తి మూడు గంటలు నిలకడగా వచ్చింది!" చెల్లెలికి నేను చెప్పలేదు. అదే చెప్పుకుంటుంది.