ఐదున్నర గంటల తేడా

2008లో, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, ఉబుంటు సీడీ పోస్టులో వచ్చింది. అప్పట్లో అడిగితే చాలు, ఉచితంగా పంపేవాళ్లు. తెనాలిలో మా ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్. దాని 80 జీబీ డిస్కులో సగం ఖాళీ చేసి లినక్స్ పెడతానంటే నాన్న అడిగింది ఒక్కటే: "నా కథలు పోవు కదరా?"

పోలేదు. డిస్కు రెండు వాటాలైంది. ఆన్ చేయగానే గ్రబ్ మెనూ వచ్చేది. పైన ఉబుంటు, కింద విండోస్ ఎక్స్‌పీ. పది సెకన్లలో ఏ మీటా నొక్కకపోతే ఉబుంటులోకే వెళ్లిపోయేది. డిఫాల్టు నాదే పెట్టుకున్నాను మరి. నాన్న బ్యాంకు నుంచి వచ్చి, భోంచేసి, కింది బాణం నొక్కి తన వాటాలోకి వెళ్లేవాడు. పేజ్‌మేకర్‌లో కథలు టైపు చేసుకునేవాడు. డీటీపీ వాళ్లు ఒత్తులు తప్పు కొడుతున్నారని తనే నేర్చుకున్నాడు.

డ్యూయల్ బూట్‌లో ఒకళ్లు లేస్తేనే ఇంకొకళ్లు కూర్చోగలరు. "ఇంకెంతసేపు నాన్నా?" "పది నిమిషాల్రా." ఆ రెండేళ్లలో మేం ఎక్కువగా మాట్లాడుకున్నది ఇదే.

ఇంకో సంగతి. లినక్స్ నుంచి చూస్తే విండోస్ వాటా కనిపిస్తుంది. ఎక్స్‌పీకి మాత్రం లినక్స్ వాటా డ్రైవుల జాబితాలోనే ఉండదు. నా వైపు ఏముందో నాన్నకి తెలీదు. నాన్న ఫైళ్లు నాకు కనిపించేవి, కానీ చదవలేను. పేజ్‌మేకర్ లినక్స్‌కి లేదు. పైగా ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాలుండాల్సిన చోట గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుగా కూర్చిన ఫాంట్లు. ఫాంటు లేకపోతే మొత్తం కథ పిచ్చి గుర్తుల మూట. రీబూట్ చేస్తే చదవొచ్చు. రెండు నిమిషాల పని. చేయలేదు. తర్వాత్తర్వాత ఊళ్లోవాళ్ల పుస్తకాలన్నిటి మీదా సమీక్షలు రాశాను.

గడియారం గొడవ కూడా ఉండేది. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అందులో మామూలుగా యూటీసీ పెడుతుంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. నేనేదో సెట్టింగు కెలకడంతో, రాత్రి పదింటికి నాన్న స్క్రీన్ మీద నాలుగున్నర అని కనిపించేది. నెట్ లేదు కాబట్టి దానంతటది సరయ్యేదీ కాదు. "ఇంకా సాయంత్రమేనట. అయితే ఇంకో పేజీ రాయొచ్చు," అనేవాడు. బాగు చేస్తానని చెప్పాను. అదీ చేయలేదు.

నాన్న పోయి ఆరేళ్లయింది. మొన్న సంక్రాంతికి అమ్మ "ఆ డబ్బా ఎవరికైనా ఇచ్చెయ్యరా, దుమ్ము తుడవలేక చస్తున్నా" అంది. డిస్కు మొత్తం ఇమేజ్ తీసి నా లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్‌లోకి ఎక్కించాను. వేరే హార్డ్‌వేర్ అనేసరికి ఎక్స్‌పీ నీలం తెర చూపించి మొరాయించింది. దారికి రావడానికి రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడది నా ఉబుంటు లోపల ఒక కిటికీ. ఎవరూ లేవక్కర్లేదు. ఎడమ పక్క నాన్న పేజ్‌మేకర్, కుడి పక్క నా ఎడిటర్.

పదిహేడు కథలు. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం ఉంది గానీ, ఒత్తుల్ని పక్క అక్షరం కిందికి జరిపేస్తుంది. అందుకే అసలు పేజీ పక్కన పెట్టుకుని ప్రతి మాటా సరిచూడాల్సొచ్చింది. అలా అక్షరం అక్షరం చదివాను. చిరిగిన నోటు మార్చుకోడానికి బ్యాంకుకొచ్చిన ముసలమ్మ కథ బాగుంది. దాని చివరి పేరా అనవసరం. ముసలమ్మ వెనక్కి తిరిగి నడవడంతో కథ అయిపోయింది, తర్వాతదంతా వివరణ. ఆ మాట నాన్నకి చెప్పి ఉంటే వాదించేవాడు. పుస్తకంలో ఆ పేరా ఉంచాలా, తీసెయ్యాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నేనొక్కణ్ణే తేల్చే విషయం కాదనిపిస్తోంది.

ఆ ఫైలు చివరిసారి సేవ్ చేసిన సమయం చూశాను. సాయంత్రం 4:41. పనిరోజు. ఆ వేళకి నాన్న బ్యాంకులో ఉండాలి కదా అనుకున్నాను. తర్వాత ఐదున్నర గంటలు కలుపుకున్నాను. రాత్రి 10:11. ఇంకెంతసేపు నాన్నా అంటూ వెనకాలే నిలబడి ఉంటాను.