బర్మామైన్స్‌లో రెండు పాటల దారులు

టాటానగర్ రైల్వే స్టేషనులో దిగిన ప్రయాణికుడు బర్మామైన్స్ చేరడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. పేరులో గనులున్నా ఇక్కడ తవ్వే గని లేదు. ఏనాటిదో ఒక కంపెనీ పేరు పేటకు మిగిలిపోయింది. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912 నాటికి కొలిమి నుంచి ఉక్కు వచ్చింది. సాక్చీ అనే పల్లె నగరమై, 1919లో జంషెడ్‌పూరు అనిపించుకుంది.

ఆ కొలిమి పిలుపు తెలుగు నేలకూ వినిపించింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలు ఖరగ్‌పూరు మీదుగా రైలెక్కి ఈ నగరానికి వచ్చాయి. బర్మామైన్స్ వంటి పేటలలో తెలుగు మాట స్థిరపడింది. వలసవచ్చినవారి మూటలలో గిన్నెలు, దేవుడి పటాలు ఉంటాయి. మూటలో కనిపించనిది పాట. కర్మాగారంలో ఎన్ని టన్నుల ఉక్కు తీశారో లెక్క ఉంటుంది. పాటకు లెక్క రాసేవారెవరు?

ఆ పని చేసేది సంగీత పరిశోధన. అది ఎంత సున్నితమైన పనో ఉత్తరాంధ్ర వాద్యమైన జముకు ఒక్కటే చెప్పగలదు. జముకుల కథ చెప్పేవారి చేతిలో ఉండే ఈ వాద్యానికి అడుగున తోలు మూసి ఉంటుంది. తోలు నడుమ నుంచి ఒక తంత్రి వస్తుంది. తెలంగాణంలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడిక దీనికి అక్కచెల్లెలు. ఇది డప్పుల జాతిదా, వీణల జాతిదా? 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే పండితులు ప్రపంచ వాద్యాలను వర్గీకరించినప్పుడు, ఇటువంటి వాద్యాలను ‘మీటే డప్పులు’గా తోలు వాద్యాలలో చేర్చారు. 1981లో లారెన్స్ పికెన్, ఆయన సహచరులు ఆ తీర్పును కాదన్నారు. స్వరాన్ని నిర్ణయించేది తోలు కాదు, తంత్రి బిగువు; తోలు ఆ నాదాన్ని లోకానికి వినిపిస్తుందంతే. మీటిన తంత్రి అటూ ఇటూ ఒకసారి ఊగేలోగా తోలును రెండుసార్లు లాగుతుంది. అందువల్ల వినవచ్చే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. పల్లె కథకుడి చంకలోని వాద్యం విశ్వవిద్యాలయాల పట్టికనే ప్రశ్నించింది!

బర్మామైన్స్ చుట్టూ ఉన్న నేల మరొక పాటల దారి. ఇది సంతాలులు, హోలు, ముండాలు నివసించే సీమ. టాటా కంపెనీ పుట్టిన 1907లోనే జాన్ హాఫ్‌మన్ అనే జెసూట్ మతగురువు ముండారీ కవిత్వం, సంగీతం, నృత్యాలపై రాసిన గ్రంథం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ద్వారా వెలువడింది. ఆ మూడింటినీ ఒకే పుస్తకంలో చేర్చడంలోనే వివేకమున్నది. ముండాలలో నడకే నాట్యమనీ, మాటే పాట అనీ ఒక సామెత ఉంది. వారి జదుర్ పాటలు వసంతానివి. కరమ పాటలు వర్షాకాలానివి. దేని అడుగు దానిదే, దేని దరువు దానిదే.

జంషెడ్‌పూరు నుంచి రాంచీకి పోయే రహదారి మీద తమాడ్ వస్తుంది. ఆ సమీపంలోని దివుడీ గ్రామంలో 1939లో జన్మించిన రామదయాళ్ ముండా షికాగోలో భాషాశాస్త్రం చదివి, తిరిగివచ్చి రాంచీ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. వేణువు, నగారా ఆయనకు పరిశోధన వస్తువులు కావు, చేతి అలవాట్లు. ఆడేవారే మిగులుతారన్నది ఆయన నినాదం. 2011లో ఆయన కన్నుమూశారు. అమెరికా పరిశోధకురాలు కెరోల్ బాబిరాకీ ముండాల కరమ పాటలపై 1991లో సిద్ధాంతవ్యాసం సమర్పించారు. తాను స్త్రీ కావడం తన పరిశోధనను ఎలా మలచిందో ఆమె 1997లో మరొక వ్యాసంలో చర్చించారు. పాట వినేవాడు ఎవరన్నదాన్ని బట్టి కూడా పాట మారుతుందన్నమాట.

తెలుగులో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన కృషి 1958లో గ్రంథరూపం ధరించి మార్గదర్శకమైంది. ఆ పేరులో ‘సాహిత్యం’ ఉన్నది. పాటలోని మాటను కాపాడుకోవడం మన పండితులు నేర్పిన విద్య. పాట ‘వరస’నూ, దరువునూ, అడుగునూ విడదీయకుండా చూడడం ఛోటానాగపూరు నేర్పే విద్య. వలసపేటకు ఈ రెండూ కావాలి. హిందీలో చదువుకున్న మనుమరాలికి అమ్మమ్మ పెళ్ళిపాటలోని మాట అందకపోవచ్చు. అయినా వరస చెవిలో నిలుస్తుంది. మాటలు మాత్రమే రాసుకుంటే ఆ పిల్లకు మిగిలినదే జారిపోతుంది.

రాసి దాచడంతోనూ పని ముగియదు. విదేశీ పండితులు తీసుకుపోయిన ధ్వనిముద్రణల ప్రతులు ఈ దేశంలోనూ ఉండాలన్న సంకల్పంతో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో ఒక సంగీత భాండాగారం నెలకొల్పింది. డచ్చి పండితుడు ఆర్నాల్డ్ బాకే 1938లో దక్షిణాదిన చేసిన ముద్రణలను వెంటబెట్టుకొని, నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ 1984లో అవే ఊళ్ళకు వెళ్ళారు. ఏది నిలిచిందో, ఏది మారిందో ఆ ఊరివారినే అడిగి తెలుసుకున్నారు. ఎవరు పాడారో, ఎక్కడ, ఎప్పుడు పాడారో బాకే గుర్తుపెట్టి ఉండకపోతే ఆ తిరుగు ప్రయాణమే సాధ్యమయ్యేది కాదు.

ఆనాడు బాకే బరువైన యంత్రాలను మోసుకు తిరిగాడు. ఈనాడు బర్మామైన్స్ యువకుడి జేబులోని ఫోను ఆ పని చేయగలదు. దానికి తోడు కావలసినవి కొన్ని ప్రశ్నలు మాత్రమే: ఈ పాట నీకు ఎవరు నేర్పారు? ఏ ఊరిలో? ఏ పనికి, ఏ పండుగకు పాడేవారు? దరువు ఎవరు వేసేవారు? స్టేషనులో రైళ్ళు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. జవాబు చెప్పగల ముసలమ్మ ఇంకా వాకిట్లో కూర్చునే ఉన్నప్పుడే ఆ ప్రశ్నలు అడగాలి.