నాలుగడుగుల బల్ల మీద బిలాస్‌పూర్ యార్డు

బిలాస్‌పూర్ స్టేషన్లో పొడవైన ప్లాట్‌ఫారం 800 మీటర్లు దాటుతుంది. 160 రెట్లు తగ్గించి ఎన్ స్కేలులో చేసినా దానికి ఐదు మీటర్లు కావాలి. న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంటులో నాకు మిగిలింది నాలుగడుగుల బల్ల. ఇంట్లో బుల్లి రైల్వే కట్టాలనుకునే ఎవరికైనా ముందు ఎదురయ్యేది ఈ లెక్కే. ఏం పెట్టాలన్నది తర్వాతి మాట, ఏం వదిలేయాలో ముందు తేల్చుకోవాలి.

మా ఊరి రైళ్ల గొప్పంతా పొడవులోనే ఉంది. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లు కలిపిన బొగ్గు రేకును, అంటే ఒక పూర్తి గూడ్సు బండిని, ఎన్ స్కేలులో చేస్తే నాలుగు మీటర్లకు కాస్త తక్కువ. 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి 295 వ్యాగన్లతో నడిపిన ‘సూపర్ వాసుకి’ మూడున్నర కిలోమీటర్లు. అది బల్ల మీద 22 మీటర్లవుతుంది. అందుకని స్టేషను వద్దనుకున్నాను, ఎక్స్‌ప్రెస్‌లు వద్దనుకున్నాను. నాన్నగారు పనిచేసిన యార్డు ఒక్కటే ఉంచుకున్నాను.

1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఛత్తీస్‌గఢ్‌కు దారి సుగమమైంది. రెండు వైపులా ఒకటే కంపెనీ, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1955లో అది సౌత్ ఈస్టర్న్ అయినా మా పెద్దవాళ్ల నోట ‘బి.ఎన్.ఆర్.’గానే ఉండిపోయింది. 2003లో బిలాస్‌పూర్ సొంత జోనుకు కేంద్రమైంది. నాన్నగారు పార్వతీపురం నుంచి ఆ దారినే వెళ్లి బిలాస్‌పూర్‌లో షంటింగ్ పనిలో చేరారు. బుధ్‌వారీ బజార్‌లో కూరగాయల బేరం దగ్గర తెలుగు వినపడే రోజుల్లో నేను అక్కడ పెరిగాను.

ఇప్పుడు బొగ్గు రేకు గని దగ్గర నిండి, అదే వరసలో విద్యుత్కేంద్రం దాకా పోతుంది. 1980లలో ఈ పద్ధతి స్థిరపడక ముందు వ్యాగన్లు విడివిడిగా వచ్చేవి. ఒకదాంట్లో సిమెంటు, ఒకదాంట్లో బియ్యం, ఒకటి కట్నీ వైపు, ఒకటి నాగ్‌పూర్ వైపు. వాటిని విడదీసి, ఏ ఊరివి ఆ ఊరికి జతచేసి, ముందు దిగాల్సినవాటిని ముందుంచి కొత్త బండి తయారుచేయడమే యార్డు పని. ఎండలో, వానలో, అర్ధరాత్రి చేతిలో దీపంతో, కదిలే వ్యాగన్ల పక్కన నడుస్తూ చేసిన పని అది.

ఆ పనిని అతి చిన్న జాగాలో ఇమిడ్చే నమూనా ఒకటుంది. అలన్ రైట్ అనే ఇంగ్లండు మోడలరు రూపొందించిన ‘ఇంగిల్‌నుక్ సైడింగ్స్’. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు రెండే, వ్యాగన్లు నిలిపే సైడింగులు మూడు. ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, తక్కిన రెండింటిలో మూడేసి. ఇంజిను ముందుకూ వెనక్కూ కదిలే షంటింగ్ నెక్‌లో ఇంజినూ మూడు వ్యాగన్లూ పడతాయి. బల్ల మీద మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీటీలు తీసి, వచ్చిన ఐదింటిని అదే వరసలో పొడవాటి సైడింగులో నిలబెట్టాలి. 6,720 వరసలు సాధ్యం కాబట్టి నిన్నటి ఆట ఇవాళ రావడం అరుదు.

కట్టడం కష్టమేమీ కాదు. ప్లైవుడ్ చట్రం మీద ఫోమ్ షీటు, దాని మీద కార్క్, ఆపైన పట్టాలు. నాలుగు చక్రాల పాత వ్యాగన్ ఎన్ స్కేలులో సుమారు ఐదు సెంటీమీటర్లే. వ్యాగన్ల బాడీలనూ డీజిల్ షంటరు బాడీనీ 3డి ప్రింటర్లో తీసి, దొరికే చక్రాల ఫ్రేముల మీద కూర్చోబెట్టాను. చిక్కు గేజి దగ్గరే. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, ఈ స్కేలులో పదిన్నర రావాలి. బజార్లో దొరికే ట్రాకు తొమ్మిదే. అందుకే బల్లను కంటి ఎత్తుకు దగ్గరగా పెట్టాను. పక్కనుంచి చూస్తే ఆ తేడా కనపడదు. వెనక అంచున రెండు సెంటీమీటర్ల మందంలో క్వార్టర్ల గోడలు, ఒక కేబిన్, రెండు దీపస్తంభాలు. ఇంతకన్నా పెడితే చెయ్యి ఆడదు, వ్యాగన్లు విడదీయడానికి చోటుండదు.

నాన్నగారికి వీడియో కాల్లో చూపించాను. ఆయన ముందు అడిగింది రంగుల గురించి కాదు. “ఫౌలింగ్ మార్కులేవమ్మా?” అన్నారు. రెండు లైన్లు కలిసేచోట, వ్యాగన్ ఎక్కడిదాకా నిలిస్తే పక్క లైనులో బండి తగలకుండా పోతుందో చెప్పే గుర్తు అది. “అది దాటి వ్యాగన్ వదిలేస్తే ఇంకొకడి ప్రాణం మీదికొస్తుంది” అన్నారు. తెల్లరంగు వేసిన చిన్న ముక్కలు అతికించాను. మా అబ్బాయి ఆడుతున్నప్పుడు ఆయన అటునుంచి ఆదేశాలిస్తారు: “ముందు ఖాళీ లైను చూసుకో నాయనా, తర్వాతే పాయింటు మార్చు.” వాడు ఇప్పుడు బండి కదిపే ముందు ఆగి ఆలోచిస్తున్నాడు. తాతగారి ఉద్యోగం ఏమిటో వాడికి నేను మాటల్లో చెప్పి అర్థం చేయించలేకపోయేదాన్ని.

పెద్ద ఇంజిన్లకు మ్యూజియాలున్నాయి. చేత్తో బండ్లను కూర్చిన మనుషుల పని మాత్రం వాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. మీ ఇంట్లో ఖరగ్‌పూర్‌లోనో, వాల్తేరులోనో, కాజీపేటలోనో, గుంతకల్లులోనో రైల్వేలో చేసి రిటైరైన పెద్దవాళ్లుంటే, కాగితం పెన్సిలు ఇచ్చి వాళ్ల యార్డు గీయించండి. ఏ లైనుకు ఏ పేరుండేదో, రాత్రి డ్యూటీలో ఎవరు ఎక్కడ నిలబడేవారో అడిగి రాసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాక మూడు సైడింగులు, ఎనిమిది వ్యాగన్లతో మొదలుపెట్టండి. పెద్ద ఇల్లు కొనుక్కున్నాక చూద్దామని వాయిదా వేయకండి. నాలుగడుగుల బల్ల చాలు, చెప్పేవాళ్లు ఉండగానే పని మొదలవ్వాలి.