మోండా మార్కెట్ తూకం

పొద్దున మోండా మార్కెట్‌లో టమాటాలు తూయిస్తుంటే పక్కన ఇద్దరు పోరగాళ్ల బాక్సింగ్ లొల్లి.
"ఉసిక్‌ని మించినోడు లేడ్రా!"
"ఎహె, ఇనోయె!"

ఉసిక్ హెవీవెయిట్. ఇనోయె ఆ బరువులో ఇంచుమించు సగమే ఉంటాడు. ఇద్దర్నీ ఒకే తక్కెడలో ఎట్లా పెడతాం?
దీనికే పౌండ్ ఫర్ పౌండ్ అని ఓ లెక్క పెట్టుకున్నారు. అందరి బరువూ ఒక్కటే అనుకుని, అప్పుడెవడు మేటో చెప్పడం. పూర్తిగా ఊహ. అందుకే ఎంత వాదించినా తెగదు :)

నేనైతే మన నిజామాబాద్ పిల్ల పేరు చెబుదామనుకున్నా. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ విజేత. 52 ఒలింపిక్స్‌లో లేదు కాబట్టి 50కి దిగింది, 2023లో ఢిల్లీలో మళ్లీ స్వర్ణం.
రెండు కిలోలే కదా అనిపిస్తుంది. ఒంట్లో కొవ్వే లేని మనిషి ఎక్కడ్నుంచి తీయాలి?
నేను పండక్కి పెరిగిన రెండు కిలోలు ఇంకా మోస్తూనే ఉన్నా.

నా జాబితాలో పాకియావ్ మొదలు. ఎనిమిది వెయిట్ క్లాసుల్లో టైటిళ్లు మరి! తర్వాత మేరీ కోమ్, ఆపైన నిఖత్.

మీ మొదటి ముగ్గురెవరు?
అలీ పేరు చెప్పేవాళ్లు కారణం కూడా రాయాలి.