బంగినపల్లికి ఒత్తు తెగితే

కాయని నున్న మార్కెట్‌కి తోలడం మనకి తెలిసిన పనే. ఇప్పుడు మా రెడ్డిగూడెం వైపు నాలాంటివాళ్ళం కొందరం ఆన్‌లైన్‌లో సొంత కొట్టు పెట్టి, పండ్లు పెట్టెల్లో సర్ది నేరుగా ఇళ్ళకి పంపుతున్నాం. మేమూ పెడతాం అని అడుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

కొట్టు పెట్టేటప్పుడు థీమ్ అని ఒకటి తీసుకుంటాం. రెడీమేడ్ చొక్కా లాంటిది. చాలావరకు ఇంగ్లీషు అక్షరాల కొలతకి కుట్టి ఉంటుంది. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయని ఆ కుట్టినాయనకి తెలీదు. మా కొట్టులో ఏమైందంటే, పండు పేర్ల కింద ఒత్తులు తెగిపోయాయి. బంగినపల్లి కాస్తా బంగినపలి అయింది. చిన్న రసాలు చిన రసాలు అయ్యాయి. పెట్టె బరువు లేత బూడిద రంగులో ఉండి ఎండలో కనపడేది కాదు. అక్కడే రాసి ఉన్నా, పెట్టె ఎన్ని కిలోలండీ అని జనం ఫోన్ చేసేవాళ్ళు. చేసినవాళ్ళు నయం. చెయ్యనివాళ్ళు ఇంకో కొట్టుకి పోయినట్టే. మాగిన పండు ఎవరికోసం ఆగుతుంది చెప్పండి?

దీనికి మందు స్టైల్ షీట్, అంటే సీఎస్ఎస్. నార్వేకి చెందిన హోకున్ వియుమ్ లీ 1994లో ఈ ఆలోచన ముందుపెట్టాడు. 1996 డిసెంబరులో మొదటి ప్రమాణం వచ్చింది. అసలు సంగతి ఒకటే: సరుకు వేరు, సింగారం వేరు. పండు పేరు, ధర ఒకచోట ఉంటాయి. అక్షరం సైజెంత, రంగేంటి, వరసల మధ్య ఎడమెంత అన్నది ఇంకోచోట ఉంటుంది. సరుకు ముట్టుకోకుండానే కొట్టు రూపు మార్చుకోవచ్చు.

మేం మార్చింది అయిదే.

ఒకటి, లైన్ హైట్. 1.2 ఉన్నదాన్ని 1.7 చేశాం. ఒత్తుకి చోటు దొరికింది.

రెండు, బటన్‌కి బిగించిన హైట్ తీసేసి మిన్ హైట్ పెట్టాం. అక్షరం పెరిగితే బటనూ పెరుగుతుంది.

మూడు, లెటర్ స్పేసింగ్ సున్నా. ఇంగ్లీషుకి అందంగా ఉండే ఆ ఎడం తెలుగు మాటని విడగొడుతుంది.

నాలుగు, ఫాంటు. పేరు చెప్పకపోతే ఫోన్ తనకి తోచింది వేస్తుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర ఉచితంగానే దొరుకుతాయి. రామభద్ర లావు అక్షరం, శీర్షికకి బాగుంటుంది. ధర వరసకి వద్దు.

అయిదు, రంగు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి. మేం తెలుపు మీద నలుపు పెట్టేశాం.

ఇవి థీమ్ ఫైల్లో రాయకండి. అప్‌డేట్ వస్తే కొట్టుకుపోతాయి. వర్డ్‌ప్రెస్‌లో అడిషనల్ సీఎస్ఎస్ అని విడిగా ఒక గడి ఉంటుంది, అందులో రాయండి. రెండు నియమాలు సమానమైన బలంతో ఉంటే చివర వచ్చిందే చెల్లుతుంది. అలా మన మాట నెగ్గుతుంది.

ఇంకో మాట. ఇదే స్టైల్ షీట్‌తో కొరియర్ ఖర్చుని చీమ తలకాయంత చెయ్యొచ్చు. డిస్‌ప్లే నన్ అని ఒక్క ముక్క రాస్తే మొత్తంగా మాయం కూడా చెయ్యొచ్చు. అది పెట్టెలో పై వరస మంచికాయ, అడుగున దెబ్బకాయ సర్దడంతో సమానం. కార్బైడ్‌తో మాగపెట్టడం చట్టం నిషేధించిందని మనకి తెలుసు. గడ్డిలో మాగపెడతాం, తొక్క మీద మచ్చలుండొచ్చు అన్న రెండు మాటల్నీ మేం ధర పక్కనే, ధరంత అక్షరాల్లో పెట్టాం. మచ్చ చూసి వద్దనుకునేవాళ్ళు ముందే వద్దనుకుంటారు. పెట్టె విప్పాక తిట్టుకోరు. కొన్నవాళ్ళు వచ్చే ఏడాదీ మనవాళ్ళే.

పూత చూసుకుంటూనే ఈ పని కూడా ముగించండి, కోతలు మొదలయ్యాక తీరిక ఉండదు. అయ్యాక మీ కొట్టుని మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్లో తెరవండి. ఇంట్లో పెద్దవాళ్ళ చేతికిచ్చి పండు పేరు, బరువు, ధర పైకి చదవమనండి. వాళ్ళు తడుముకోకుండా చదివితే కొట్టు తెరిచినట్టే లెక్క.