గంజాయి గట్టెక్కింది, బర్గర్‌కే చెమటలు పట్టాయి

మా న్యూజెర్సీ ఊళ్లో నిన్న ప్లానింగ్ బోర్డు ముందుకి రెండు దరఖాస్తులొచ్చాయి. ఒకటి గంజాయి షాపు, రెండోది చిన్న బర్గర్ హోటల్. దరఖాస్తు పెట్టిన స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్నవాళ్లకి నోటీసు పంపాలని ఇక్కడి చట్టం. మాకూ కవరొస్తే వెళ్లి కూర్చున్నా.

గంజాయి మీద పెద్ద గొడవ అవుతుందనుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. కానీ మంచీ చెడ్డా వాదన ఎప్పుడో అయిపోయింది. 2020 నవంబరులో గంజాయిని చట్టబద్ధం చేయమని రాష్ట్రం ఓటేసింది. వద్దనుకునే ఊళ్లకి 2021లో 180 రోజుల గడువిచ్చారు. మా ఊరు వద్దనలేదు. అమ్మకాల మీద 2 శాతం దాకా పన్ను ఊరికే వస్తుంది మరి!

ఇక బోర్డుకి కావలసినవి ఇవే: ఆ జోన్‌లో కుదురుతుందా, కార్లెక్కడ పెడతారు, చెత్త ఎప్పుడు తీస్తారు? షాపు లాయరు అన్నీ ప్లాన్‌లో చూపించి చక్కా కూర్చున్నాడు. పాపం బర్గరాయన్నే నిలబెట్టి వాయించారు. పొగగొట్టం పెరళ్ల వైపెందుకుంది, శుక్రవారం రాత్రి రద్దీ సంగతేంటి అని. చివరికి రెండూ పాసయ్యాయి.

వీసా, గ్రీన్‌కార్డు మీదున్న మనవాళ్లకి ఒక్కమాట. ఊరు ఒప్పుకున్నా, మన వీసాలు చూసే ఫెడరల్ ప్రభుత్వ చట్టం దృష్టిలో గంజాయి ఇంకా నేరమే. ఆ గుమ్మం తొక్కకండి. బర్గర్ తినండి, పార్కింగ్ దొరికితే.