బాబ్లీ చూచి నాందేడు పోదాం

బాసరలో సరస్వతీ దర్శనం కాగానే మనవారు చాలామంది ఇంటిదారి పడతారు. అదే రైలుదారిన ఇంకా ముందుకు సాగితే చరిత్ర ప్రసిద్ధమైన నాందేడు పట్టణం వస్తుంది. నడుమ బాబ్లీ కూడా చూడదగినదే.

బాసర దాటగానే ధర్మాబాదు స్టేషను. బాబ్లీ గ్రామం ఆ తాలూకాలోనిదే. అక్కడినుండి రోడ్డున పోవాలి. 1956 వరకు ఈ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. తెలుగు తెలిసినవారు ఇప్పటికీ కనిపిస్తారు గనుక, మరాఠీ రాదని జంకనక్కరలేదు.

బాబ్లీ అంటే మనకు తగవే జ్ఞాపకం వస్తుంది. ఎగువన గోదావరికి కట్టిన ఆ ఆనకట్టవల్ల శ్రీరామసాగరానికి నీళ్ళు తగ్గుతాయని మన రైతుల భయం. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిలువ 2.74 టి.ఎం.సి. మించరాదు, జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టి.ఎం.సి. దిగువకు వదలాలి. ఒడ్డున నిలబడి చూస్తే, ఎగువ రైతుకూ దిగువ రైతుకూ ఈ ఒక్క నదే దిక్కని తెలుస్తుంది. గేట్లు ఎత్తే రోజులలో పిల్లలను, పెద్దవారిని లోతుకు దిగనీయకండి. బాసర రేవు కూడా ఈ దిగువనే ఉన్నదని మరువరాదు.

ధర్మాబాదులో మళ్ళీ రైలెక్కితే ఉమ్రీ, ముద్ఖేడు మీదుగా నాందేడు చేరవచ్చు. సిక్కుల పదవ గురువు గోవిందసింహులు 1708లో ఇక్కడే తనువు చాలించారు. గ్రంథసాహిబునే ఇకపై గురువుగా భావించమని చెప్పినదీ ఇక్కడే. బందా బహదూరు ఆయనకు శిష్యుడైనదీ ఈ గోదావరి తీరాననే. నేటి సచ్‌ఖండ్ మందిరాన్ని పంజాబు మహారాజు రంజిత్‌సింగు 1830ల్లో కట్టించాడు. సిక్కుల ఐదు తఖ్తులలో ఇది ఒకటి.

లోపలికి పోయేవారు పాదరక్షలు విడిచి, కాళ్ళు కడుగుకొని, తలకు గుడ్డ కట్టుకోవాలి. స్త్రీలకు పమిట చెంగు చాలును. పొగాకు దగ్గర ఉంచుకోరాదు. లంగరులో కులమత భేదం లేక అందరినీ ఒకే బంతిని కూర్చుండబెట్టి ఉచితంగా భోజనం పెడతారు. కావలసినంతే వడ్డించుకొని, పారవేయకుండా తినడం మర్యాద.

దసరాకు, దీపావళికి, హోలీకి జనం విపరీతం. ఆ రోజులలో పోదలచినవారు బస ముందుగానే కుదుర్చుకోవాలి. తీరిక కోరేవారు చలికాలంలో మామూలు రోజు చూచుకొని బయలుదేరడం మేలు.